చూపుకి అడ్డం

పదిహేడేళ్లుగా ఓడలమ్ముతున్నాను
షర్లీ హైస్ట్రీట్‌లో, చెప్పులు బాగుచేసే కొట్టుకీ
చేపల వేపుడు కొట్టుకీ నడుమ.
ఓడెక్కడం మాత్రం ఇవాళే.

సౌతాంప్టన్ రేవు, నాలుగో గేటు.
వానా కాదు, మంచూ కాదు,
ముఖాన ఎవరో తడిగుడ్డ విదిల్చినట్టుంది.
ఏజెంట్లం ఇరవై రెండు మందిమి
మెడలో పసుపుపచ్చ బిళ్లలతో, బడిపిల్లల్లా వరసలో.
తలెత్తితే ఓడ కనపడలేదు. గోడ కనపడింది.
తెల్లటి గోడ, మబ్బు దాకా పోయి ఆగింది.
కొత్త పేరు నీలంలో మెరుస్తోంది.
దాని కింద పాత పేరు. ఇనుములో అతికిన అక్షరాలట,
గీకినా పోక పైన రంగు పూసేశారు.
వెలుగు పక్కనుంచి పడ్డప్పుడల్లా
లేచి కూర్చుంటోంది.

లోపల, పెళ్లికి ముందురోజు ఇల్లు.
జిగురు వాసన, రంపపు పొట్టు,
సోఫాలకి ఇంకా విప్పని ప్లాస్టిక్ తొడుగులు.
"దయచేసి కూర్చోవద్దు" అంటోంది మా గైడు జెమైమా
అన్నన్ని కుర్చీల మధ్య నిలబడి.
నిచ్చెన మీద ఒకతను షాండ్లియర్ గాజుపలుకుల్ని
పసివాడి పళ్లు తోమినట్టు ఒక్కోటీ తుడుస్తున్నాడు.
నీళ్లు నింపని ఈతకొలను అడుగున ఇంకొకడు
కాళ్లు చాపుకుని శాండ్‌విచ్ తింటున్నాడు,
సముద్రానికి పదకొండంతస్తుల పైన.

కార్పెట్‌లో చేపలు నేశారు.
అన్నీ ఒకే వైపు ఈదుతున్నాయి.
"దారి తప్పితే వాటిని చూడండి,
అవి వెళ్లేదే ముందువైపు" అంది జెమైమా.
నవ్వాం. ఆ తర్వాత ఎవరం మాట్లాడకుండా
కిందికి చూస్తూనే నడిచాం.

పన్నెండో అంతస్తు తర్వాత పద్నాలుగు.
ఇంగ్లీషువాళ్లకీ వర్జ్యాలుంటాయి.

లాండ్రీలో మెర్లిండా, సెబూ ఆవిడది,
దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది.
"ఎన్ని?" అన్నాను.
"ఇవాళా, మొత్తమా?" అంది.
జవాబు వినేలోపే వైన్ రుచి చూడమని లాక్కెళ్లారు.

కిటికీలేని గది చూపించమని నేనే అడిగాను.
"అవి ఈ టూర్‌లో లేవే."
"నేనమ్మేవన్నీ అవేనండీ."
జెమైమా తన ఫోల్డరు వంకా, గడియారం వంకా చూసి
చివరికి ఒక తలుపు తీసింది.

మంచం, బల్ల, అద్దం.
పరదా కూడా ఉంది. పక్కకి లాగితే గోడ.
తలుపేసుకుని లైటార్పాను.
నా చెయ్యి నాకు కనపడలేదు.
గాలిగొట్టం ఊపిరి వదులుతూనే ఉంది,
తీసుకోకుండా.

అప్పుడు గుర్తొచ్చారు పెండర్‌గాస్ట్ గారు.
మార్చిలో, గొడుగు ముడుచుకుంటూ వచ్చి
ఇదే ఓడ, తొలి ప్రయాణం,
రెండు అనబోయి "ఒక్కటి" అన్నారు.
విని, విననట్టు టైపు చేశాను.
కిటికీకి ఎంతవుతుందని అడిగారు.
"గదిలో ఎవరుంటారండీ, పడుకోడానికేగా" అన్నాను.
పదిహేడేళ్లుగా అదే వాక్యం.
నోటికొచ్చిన శ్లోకానికి అర్థం ఎవరడుగుతారు?

మెట్లు దిగుతుంటే చేతికో సంచి,
అందులో పెన్ను, ఓడబొమ్మ చాక్లెట్టు.
రేవు మీద బ్యాండువాళ్లు వీడ్కోలు పాట సాధన చేస్తున్నారు,
తప్పిన చోటునుంచి మళ్లీ, మళ్లీ.

కొట్టుకి రాగానే ఫోన్ చేశాను.
"రాత్రి లైటార్పి పడుకుంటారా మీరు?"
అటునుంచి చాలాసేపు కెటిల్ మరుగుతున్న చప్పుడే.
"ఆర్పమనేవాళ్లు లేరుగా," అన్నారు,
"వెలుగుతూనే ఉంటోంది."

కిటికీ గదులన్నీ అయిపోయాయి. ఒక్కటుంది.
దాని ముందు లైఫ్‌బోటు వేలాడుతుంది.
కింది సగం నారింజ రంగు,
పై సగం ఆ రోజు ఏముంటే అది.
తేడా డబ్బు ఎవరి కమిషన్‌లోంచో చెప్పలేదు.
ప్లానులో ఎర్రగా "చూపుకి అడ్డం" అని ఉంటే
అది మాత్రం చదివి వినిపించాను,
ఈసారి ఒక్క మాటా మింగకుండా.

"పై సగమా?"
"పై సగం."
కెటిల్ ఆగింది.
"పొద్దున అటువైపే తెల్లారుతుందంటారా?"

తెలీదన్నాను.
కార్పెట్‌లో చేపల సంగతి చెప్పాను.